తడిగుడ్డ కింద జంతువు

మట్టిపళ్ళేనికి ఆయాగా ఉండటం నా వల్ల కాదని మా ఆవిడకు ఖరాఖండిగా చెప్పేశాను. మీరైనా అదే చెప్పేవారు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ గొడవే లేదు.

సంగతేమిటంటే, మా ఆవిడ ఆదివారాలు కుండల క్లాసుకు వెళ్తోంది. అక్కడ నేర్పే ఆయనకు నేను పెట్టిన పేరు ‘ఆరనివ్వండి మేష్టారు’. ఎవరేమడిగినా ముందు ఆ మాటే అంటాడు. ఈసారి ఆయన అందరిచేతా ఎర్రమట్టి పళ్ళేలు చేయించి, పైన నల్లమట్టి పూత పూయించి, ఏదైనా ఒక జంతువును చెక్కి తెమ్మన్నాడు. సన్నటి మొనతో గీస్తే పైనున్న నలుపు లేచిపోయి, కింది ఎరుపు గీతగా కనిపిస్తుంది. బాగా వచ్చినవి కాల్చి ప్రదర్శనలో పెడతారట.

చిక్కల్లా ఒకటే. చెక్కడం పూర్తయ్యేదాకా ఆ పళ్ళెం పచ్చిగానూ ఉండకూడదు, ఎండిపోనూ కూడదు. ఎండితే పూత పెచ్చులూడుతుంది, తడి ఎక్కువైతే గీత బురదవుతుంది. మా ఆవిడ పగలంతా ఆఫీసులో ఉంటుంది. నేను ఇంట్లోంచే ఉద్యోగం వెలగబెడతాను. అందుకని పళ్ళెం మీది గుడ్డను మధ్యమధ్యలో తడిపి, ప్లాస్టిక్ కవరు మళ్ళీ గట్టిగా కట్టమంది. అప్పుడే నేను ఆయా మాట అన్నాను.

“సరేలెండి. అయితే అసలు అటువైపే పోకండి,” అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఆ సాయంత్రం బాల్కనీలో నిలబడి మా మరదలితో ఫోన్లో మాట్లాడుతోంది. నేను వినలేదు, వినపడింది.

“ఏ జంతువో చెప్తే నవ్వుతావే. మొహం అచ్చం మా ఆయనే.”

ఇక నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ నన్ను అనేవన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ మనసులో నన్ను ఏమనుకుంటోందో ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ తెలియలేదు. అది ఇప్పుడు మా వంటగట్టు మీద, తడిగుడ్డ కింద ఉంది.

మర్నాడు ఆవిడ గడప దాటగానే విప్పాను. రెండు పొడుగాటి వంపులు తప్ప ఇంకేమీ లేవు. కొమ్ములా, చెవులా? అద్దం ముందు నిలబడి నా చెవులు తడిమి చూసుకున్నాను. అవి మరీ అంత పొడుగేం కావు. విప్పినట్టు తెలియకూడదు కదా, ఇస్త్రీ బట్టల మీద చల్లుకునే సీసాతో గుడ్డ మీద సన్నగా నీళ్ళు కొట్టి, ఆవిడ వేసిన ముడే మళ్ళీ వేశాను.

తర్వాత ఊరికే ఉండబుద్ధి కాలేదు. పొద్దున ఒకసారి, భోజనం ముందు ఒకసారి, మీటింగుల మధ్య ఒకసారి వెళ్ళి చూడటం, తడపడం, కట్టడం. మా మరదలికి ఫోన్ చేసి చాటుమాటుగా కూపీ లాగబోతే, అక్కతో మాట్లాడి చాలా రోజులైందంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకటైపోయారని అర్థం చేసుకున్నాను.

ఆవిడ రోజూ సాయంత్రం కాస్త కాస్త చెక్కేది. ఒక కన్ను వచ్చింది, గుండ్రంగా, బిత్తరగా. ఆ తర్వాత మూతి. పొడుగు చెవులు, బిత్తరచూపు. గాడిద కాక మరేమిటి? నిజం చెప్తున్నాను, మనసు చివుక్కుమంది.

ప్రదర్శనలో నలుగురి ముందూ గాడిదగా నిలబడటం కంటే సింహాన్నవడం మేలనిపించింది. దబ్బనం తీసుకుని మెడ చుట్టూ జూలు గీశాను. జూలు కాస్తా గడ్డిపరకల్లా నిటారుగా లేచింది. చెరుపుదామని వేలితో రాస్తే ఇంకాస్త పాడైంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకొన్ని పరకలు గీశాను. ఇంతలో మీటింగు మోగింది. పరుగెత్తుకెళ్ళి కెమెరా ముందు కూర్చుంటే మేనేజరు నా మొహం వంక అదోలా చూశాడు.

సాయంత్రం మా ఆవిడ కూడా చూసింది.

“ముక్కు మీద ఆ నలుపేంటండీ?”

“ప్రింటరు ఇంకు.”

“మనకి ప్రింటరెక్కడుంది?”

“ఆఫీసుది,” అన్నాను. ఆఫీసు ఊరికి ఆ చివర ఉందని ఆవిడ గుర్తు చేయలేదు. వెళ్ళి ఆ రాత్రే చెక్కడం ముగించి, మర్నాడు నేను లేచేసరికే పళ్ళేన్ని కాల్చడానికి పట్టుకెళ్ళిపోయింది.

ప్రదర్శన రోజు బలికి వెళ్తున్నట్టే వెళ్ళాను. పళ్ళెం మీద చెవులు రిక్కించి, కన్ను విప్పార్చి, గడ్డిలోంచి తొంగిచూస్తూ ఒక కుందేలు ఉంది. ఆ గడ్డి నా జూలే. అక్కడక్కడ ఆవిడ దానికి నాలుగు పరకలు జతచేసిందంతే. ఆరనివ్వండి మేష్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందరివీ ఎంతో కొంత పెచ్చులూడాయని, దీని తడి మాత్రం చివరిదాకా ఒకే తీరుగా ఎలా నిలిచిందని అడిగాడు.

“ఇంట్లో మనిషున్నారండీ,” అంది మా ఆవిడ. “రోజుకి మూడుసార్లు చూసుకున్నారు.”

ఇంటికి వస్తూ దారిలో ఉండబట్టలేక అడిగాను.

“అయితే అది నేనేనా?”

“ఆ చెవులు చూసి పోల్చుకోలేదా? నేను ఫోన్ తీస్తే చాలు, అలాగే లేస్తాయి మీవి.”

“మరి మీ చెల్లెలు నీతో మాట్లాడనే లేదంది?”

“అవతల ఎవరైనా ఉంటే కదా. తడపమంటే మీరు తడిపేవారా?”

ఇంటికి చేరేదాకా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మొత్తానికి గాడిదను కానందుకు లోలోపల సంతోషంగానే ఉంది.

నిన్న సాయంత్రం వంటగట్టు మీదికి గుడ్డ కప్పిన పెద్ద కూజా ఒకటి వచ్చింది. బాల్కనీలోంచి మా ఆవిడ గొంతు వినపడింది.

“ఈసారిది అచ్చం మా అత్తగారేనే.”

అవతల ఎవరూ లేరని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. కానీ మా అమ్మను ఏ జంతువును చేసిందో చూడకుండా నిద్రెలా పడుతుంది? నీళ్ళ సీసా కోసం లేచాను. అది అప్పటికే నిండుగా, కూజా పక్కనే ఉంది.