గుట్ట మీద వరద

ఆ ఉదయానికి వానాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు వాన కొలవాలి, తొమ్మిదికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదింటికి కమిటీవారికి ఎదురెళ్లి నమస్కారం పెట్టాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఈ చివరిది ఆయన భార్య చేర్చింది.

ఊరిని ఆనుకుని ఉన్న గుట్ట మీది వాతావరణ కేంద్రాన్ని అందరూ వానల బంగళా అంటారు. నూట ఎనిమిదేళ్లుగా అక్కడ ఒక్క రోజు తప్పకుండా వాన కొలిచి పుస్తకంలో రాస్తున్నారు. ఆ పని చేసినవాళ్లలో వానాయన అయిదోవాడు. ఊరందరికీ వాన లెక్క చెప్పే ఆ ఇంటికి ఇప్పుడు వానొస్తే లోపల గిన్నెలు పెట్టాల్సి వస్తోంది. బాగు చేయించడానికి నిధులివ్వాలా, పడగొట్టి ఒక ఇనుప స్తంభానికి యంత్రం తగిలించాలా అన్నది తేల్చడానికే కమిటీ వస్తోంది. యంత్రం వస్తే వానాయనకు వేరేచోట ఉద్యోగం ఇస్తారట. ఆయన బెంగ దాని గురించి కాదు, పుస్తకాల గురించి. ఏడాదికొకటి చొప్పున నూట ఎనిమిది. బంగళా పోతే వాటిని తూకానికి వేసేస్తారు. అది తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు.

సాయానికని ముందురోజే బావమరిది దిగాడు. పని చెప్పనంతవరకూ అతను బంగారం. తెల్లారేసరికి వాకిలి ఊడ్చాడు, కిటికీలు తుడిచాడు, ట్యాంకుకి పైపు తగిలించి కనిపించినదల్లా కడిగాడు.

"ఇల్లలకగానే పండగ కాదురా, ఇక ఆపు" అని అక్క అరిచేలోపే కడగాల్సినవి అయిపోయాయి.

ఎనిమిదిన్నరకు వానాయన కొలగ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు. వానపాత్ర మీది గరాటు తీసి చూస్తే లోపల నీళ్లున్నాయి.

"ఎలా ఉంది బావా, తళతళలాడుతోందా? లోపలికి పైపు పెట్టి మరీ కడిగాను" అన్నాడు బావమరిది.

కొలిస్తే అరవై రెండు మిల్లీమీటర్లు.

"పారబోసి సున్నా వేసేయండి. ఎవరు చూడొచ్చారు?" అంది భార్య.

"ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదే. అయినా ఎవరూ పారబొయ్యలేదు" అన్నాడాయన.

రాతబల్ల పైన గోడ మీద మొదటి ఉద్యోగి రంగుతో రాసిపెట్టిన వాక్యం ఇంకా చెరిగిపోలేదు: 'పాత్రలో ఉన్నది రాయి. ఉండవలసినది రాయకు.' వానాయన నిట్టూర్చి అంకెల గడిలో అరవై రెండు వేశాడు. రిమార్కుల గడిలో, 'ఆకాశం నిర్మలం. ఇది వాన కాదు. బావమరిది పాత్రను పైపుతో కడిగాడు' అని రాశాడు. తర్వాత అలవాటు ప్రకారం పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు.

"అంకె చెప్పండి" అన్నాడు అవతలి గుమాస్తా.

"అరవై రెండు. కానీ అది వాన కాదండీ, మా బావమరిది..."

"బావమరుదులంతా రిమార్కుల కిందికొస్తారు సార్. రిమార్కులు నెలాఖరుకు కవర్లో పంపించాలి. ఫోన్లో అంకె ఒక్కటే."

మళ్లీ చేస్తే లైను దొరకలేదు. ఆ తర్వాత ఇరవైసార్లు చేసినా దొరకలేదు. ఎందుకంటే ఈలోగా ఆ గుమాస్తా అరవై రెండును వరదల ఆఫీసుకు చెప్పాడు, వాళ్లు వంతెన మూయించారు, తొమ్మిదింటికి ఊళ్లో సైరన్ మోగింది. వెనకే మైకు కట్టిన జీపు తిరిగింది. "గుట్ట మీద కుండపోత! నీళ్లు దిగొస్తున్నాయి! అందరూ ఎత్తైన చోటికి వెళ్లిపోండి!"

ఒక దర్జీ మాత్రం తలెత్తి, "ఎండ కాస్తోంది కదండీ" అన్నాడు. "ఆఫీసువాళ్లకంటే నీకెక్కువ తెలుసా?" అని నలుగురూ కసిరారు. దాంతో అతనూ కుట్టుమిషను నెత్తికెత్తుకున్నాడు.

ఆ ఊరికి ఎత్తైన చోటు ఒక్కటే ఉంది. వరద ఎక్కణ్ణుంచి వస్తోందన్నారో ఊరంతా అక్కడికే బయల్దేరింది. పదయ్యేసరికి మూటలతో, పెట్టెలతో, మేకలతో వానల బంగళా కిక్కిరిసిపోయింది. వానాయన, "అది వాన కాదు!" అని గేటు దగ్గర గొంతు చించుకున్నాడు. పాపం, వరద చూసి మతి చలించిందనుకుని ఒకరు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు తాగించారు.

అప్పుడొక ముసలామె పుస్తకాల బీరువా ముందు నిలబడి అడిగింది. "నాయనా, నేను పుట్టిన రోజున వాగు పొంగి మంత్రసాని రాలేకపోయిందని మా అమ్మ చెప్పేది. కోతలని అందరూ నవ్వేవాళ్లు. ఒక్కసారి చూసి పెడతావా?" తేదీ ఆమెకు కంఠతా వచ్చు.

వానాయన గొడవంతా మరిచిపోయి పుస్తకం తీశాడు. నూట పద్నాలుగు మిల్లీమీటర్లు. పక్కన రిమార్కు: 'వాగు పొంగింది. పాలవాడు రాలేదు.'

ముసలామె కాగితం మీద అరచెయ్యి ఆనించింది. "మా అమ్మ అబద్ధం చెప్పలేదు" అంది. ఆమె కళ్లు నిండాయి, ఆయనవీ నిండాయి. వెనక వరస కట్టారు. పెళ్లిరోజు అడిగినవాళ్లున్నారు. దర్జీ, తండ్రి పడవ తిరిగిరాని రోజు అడిగాడు. ఆ రోజు రిమార్కులో గాలి ఎంతని రాసి ఉందో విని, పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

కారు వంతెన దగ్గర ఆగిపోగా కాలినడకన గుట్టెక్కిన కమిటీ పెద్దావిడ గుమ్మంలో ఇదంతా చూస్తోందని ఆయనకు తెలియదు. తెలిశాక ఇక ఊరుకోలేకపోయాడు. స్టూలెక్కి, "అమ్మా, అయ్యా, వరద లేదు. తప్పు మా ఇంటిది" అని మొత్తం చెప్పేశాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. బావమరిది ఒక మేక వెనక్కి తప్పుకున్నాడు కానీ మేక చిన్నది.

పెద్దావిడ ఆనాటి పేజీ చదివింది. తర్వాత పాత పుస్తకాలు తిరగేసింది. 'పాత్రలో పిచ్చుక గూడు, అంకె నమ్మవద్దు.' 'నాకు జ్వరం, కొలిచింది నా భార్య.'

"తప్పును కూడా ఇంత నిజంగా రాసిపెట్టిన చోటు నేనెక్కడా చూడలేదండీ. దీన్ని ఉంచాల్సిందే. కప్పు వేయించమని నేను రాస్తాను" అంది. మాట తప్పలేదు. కప్పు ఎందుకు వేయించాలో మూడు పేజీలు కారణాలు రాసి, పైన ఫారంలో అడిగిన అంకెలు వేసింది: ఆనాటి వాన అరవై రెండు, ఆశ్రయం పొందినవారు నాలుగువందల పన్నెండు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. 'బంగళాను పడగొట్టరాదు' అన్న మొదటి వాక్యాన్ని వానాయన మూడుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రెండో వాక్యం భార్య చదివింది. వరద ముప్పు తీవ్రంగా ఉన్నందున గుట్ట చుట్టూ రక్షణ గోడ కట్టడానికి నిధులు మంజూరయ్యాయి.

"మరి కప్పో?" అంది ఆమె.

"కప్పు రిమార్కుల్లో ఉందే" అన్నాడాయన.

గోడ పని మొదలైన ఉదయం ఎనిమిదిన్నరకు ఆయన అంకెల గడిలో సున్నా వేసి, పక్క గడిలో, 'ఆకాశం నిర్మలం. గుట్ట మీద వరద గోడ కడుతున్నారు' అని రాసుకున్నాడు.