వాకౌట్ చెయ్యని సువార్త

ఆ పొద్దున దోసెలు పోస్తూనే సువార్త తన నిర్ణయం ప్రకటించింది.

"ఇయ్యాల ఏమన్న గానీ, మీటింగ్‌లకెల్లి బయటికి రాను."

"మరి గాళ్లు ఛాయ్ ఎప్పుడు తాగాలె?" అన్నాడు భర్త యిర్మియా.

ఊరి పేరు ఎందుకు గానీ, గోదావరిఖని వైపున్న ఆ చిన్న మున్సిపాలిటీలో ప్రతిపక్షం మొత్తం సువార్త ఒక్కతే. ప్రతి సమావేశంలోనూ ఆమె కోపంగా వాకౌట్ చేస్తుంది. ఆ వెంటనే పాలకపక్షం హాయిగా తీర్మానాలన్నీ ఆమోదించుకుని ఛాయ్ తాగుతుంది. ఈసారి మాత్రం సంగతి వేరు. తన వార్డు అంగన్‌వాడీని మార్చబోతున్న భవనం మూతబడ్డ పాత బొగ్గుబాయి మీద ఉంది. దాని నేల పగుళ్లలోంచి వెచ్చటి ఆవిరి వస్తోంది. రేపు పిల్లలు పడుకోవాల్సింది ఆ నేల మీదే.

"మోకాలు నొస్తుంది గదా, నా కట్టె పట్టుకపో," అన్నాడు యిర్మియా. ఆయన బాయిలో పనిచేసిన రోజుల్లో పైకప్పు కూలేలా ఉందేమోనని తట్టి చూసిన కర్ర అది.

సమావేశంలో అంగన్‌వాడీని మార్చే తీర్మానం చదివారు. అలవాటు ప్రకారం అందరూ సువార్త వైపు చూశారు. ఆమె లేవలేదు.

"పిల్లలకేమన్నయితే జవాబు ఎవలు చెప్తరు?" అని కూర్చునే అడిగింది.

చైర్మన్ రఘుపతి గడియారం చూసుకున్నాడు. "అక్కా, నువ్వు పొయ్యే టైమయింది గదా?"

"పోను. జవాబు చెప్పున్రి."

ఛాయ్ తెచ్చినవాడు ఆమె ఇంకా లోపలే ఉండటం చూసి గుమ్మంలోంచే వెనుదిరిగాడు. దాంతో హాల్లో కలవరం మొదలైంది. "మనోళ్లు ఎవలో ఆమె దిక్కు పోయినట్టున్నరు," అని జగదీశ్వర్ అనే సభ్యుడు పక్కవాడి చెవిలో ఊదాడు. రెండో వరసకు వచ్చేసరికి అది అవిశ్వాస తీర్మానమైంది. రఘుపతి దాకా చేరేసరికి కొత్త చైర్మన్ జగదీశ్వరేనని తేలింది.

"నీకేం తక్కువ చేసిన్రా?" అని రఘుపతి జగదీశ్వర్ కాలర్ పట్టుకున్నాడు.

"నేనేం చేసిన్నే అన్నా?" అంటూ అతనూ పట్టుకున్నాడు.

సువార్తకు ఒళ్లు మండింది. "జర లొల్లి ఆపున్రి!" అని కర్రతో నేల మీద తట్టింది.

బోలుగా మోగింది.

అందరూ నేల వైపు చూశారు. ఆ సభ్యుల్లో సగం మంది బాయి దిగినవాళ్లు, మిగతావాళ్లు వాళ్ల కొడుకులు. తట్టినప్పుడు కప్పు బోలుగా మోగిందంటే ఎందుకని అడగకుండా బయటపడటం వాళ్ల ఒంట్లో ఉన్న అలవాటు. ఈ హాలు కింద కూడా పాత బాయే. ఇక్కడి నేల కిందివాళ్లకు కప్పు. కింద ఎవరూ లేరనే ఇన్నాళ్లూ అందరి నమ్మకం.

ఠక్. ఠక్.

సువార్త కర్ర అప్పటికే ఆమె ఒళ్లో ఉంది.

సభ్యులు ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. పట్టుకున్న కాలర్లు వదలకుండానే రఘుపతి, జగదీశ్వర్ కూడా నడిచారు. "అధికార పార్టీనే వాకౌట్ చేసిందట!" అని వాకిట్లో జనం చప్పట్లు కొట్టారు.

సువార్తకూ చాలా భయమేసింది. కానీ తాను కూడా వెళ్లిపోతే రేపటికల్లా తీర్మానం ఆమోదం పొందుతుంది. ఆవిరి వచ్చే నేల మీద పడుకున్న పిల్లలే కళ్లముందు మెదిలారు. ఆమె కదల్లేదు.

కిటికీ బయటి నుంచి రఘుపతి అన్నాడు: "అక్కా, బయటికి రా! నీకేమన్నయితే ఊరంత మమ్ముల్నే అంటది."

"జవాబు చెప్పేదాక రాను."

ఠక్.

"అంగన్‌వాడీని ఆడికి మార్చం! తీర్మానం వాపస్! నీకు దండం పెడ్త, రా!"

"గదే మాట మైకుల చెప్పు. మైకు ఈడ్నే ఉంది."

రఘుపతి మైకు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చెప్పులు చేతబట్టుకుని మునివేళ్ల మీద లోపలికొచ్చి, అదే మాట మైకులో గబగబా చెప్పేసి పరుగెత్తాడు. అప్పుడు సువార్త లేచి, నేలకు కర్ర తాకనీయకుండా కుంటుతూ బయటికొచ్చింది.

మర్నాడు గుమాస్తా నర్సింగం సమావేశ వివరాలు రాయడానికి కూర్చున్నాడు. పాలకపక్షం వాకౌట్ చేసిందనీ, ప్రతిపక్షం సభలోనే ఉందనీ ఇబ్బంది లేకుండా రాశాడు. కింది నుంచి జోక్యం చేసుకున్నవారిని మాత్రం ఏ పక్షంలో చూపాలో తెలియక, 'ఇతరులు' అని రాసి ఊరుకున్నాడు.