కేమ్ లేట్ ఛే!

అయ్యలారా, అమ్మలారా! మీ కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతోందా? మీరు అదృష్టవంతులు. దయచేసి దాన్ని ఆర్పించకండి!

నవ్వకండి. నాలుగు నెలలు ఆ లైటు చలవతో బతికిన మనిషిగా చెబుతున్నాను. సూరత్ ఆల్థాన్‌లో మా సొసైటీలో అంతకుముందు నేనెవరో ఎవరికీ తెలీదు. బ్యాంకులో రిటైరయిన 'మద్రాసీ అంకుల్', అంతే. లైటు వెలిగిన వారానికల్లా లిఫ్టులో పలకరింపులే పలకరింపులు! రెండో అంతస్తు పళ్ళ డాక్టరు పెట్రోలు మూత గట్టిగా బిగించమన్నాడు. వాచ్‌మన్ బ్యాటరీ వైరు పీకి పెట్టమన్నాడు. ఎదురింటి పెద్దావిడ నిమ్మకాయా మిరపకాయలూ తెచ్చి బంపరుకు కట్టి మరీ వెళ్ళింది. ప్రతి పెళ్ళికీ కారడిగే సొసైటీ సెక్రటరీ అడగడం మానేశాడు. ఇంతకంటే మనిషికేం కావాలి?

పైగా విజ్ఞానం! బీకాం చదివిన నాకు వేరియబుల్ వాల్వ్ టైమింగ్ గురించి ఎవరు చెబుతారు? ఇంజన్ వాల్వులు కాస్త ముందు తెరుచుకోవాలా, కాస్త ఆగి తెరుచుకోవాలా అన్నది బండి వేగాన్నీ బరువునీ బట్టి మారుతూ ఉంటుందట. ఆ మార్పు అనుకున్నట్టు జరక్కపోతే లైటు వెలుగుతుందట. సమయానికి పని కాకపోతే లైటు వెలిగే ఏర్పాటు మా బ్యాంకులో ఉండుంటే ఆ వెలుగుకి మాకు కళ్ళు పోయేవి!

ఇంత చదువూ మా అమ్మాయి వీణ పుణ్యమే. ఊరవతల కామ్‌రేజ్‌లో ఉంటుంది. ఈ కారు మా ఆవిడ ప్రమీలది. మూడేళ్ళ క్రితం ఆమె పోయాక స్టీరింగు నా చేతికొచ్చింది. దాన్ని వదులుకోవడం నావల్ల కాదు. వీణేమో ఖరాఖండిగా చెప్పేసింది.

"నాన్నా, ఆ లైటుతో నువ్వు రోడ్డెక్కడానికి వీల్లేదు. నెలాఖరుకి ఆరలేదంటే పాత ఇనుము కిందైనా అమ్మేస్తాను."

అంటే ఆరితే బండి నాదేనన్నమాట! నా చెవికి అలాగే వినిపించింది.

మొదటి గ్యారేజీలో స్కానర్ తగిలించారు. టైమింగ్ ఫాల్ట్ అంది. సెన్సర్ మార్చారు. లైటు రెండు రోజులు సెలవు తీసుకుని మూడోనాడు డ్యూటీలో చేరింది. రెండో గ్యారేజీలో ఇంకా పెద్ద స్కానర్. అదీ అదే మాట అంది. ఈసారి ఆయిల్‌ని లోపలికి వదిలే వాల్వు మార్చారు. మూడోచోట స్కానర్‌కి ఏసీ గదే ఉంది! "ఇంజన్ దింపాలి కాకా, కంప్యూటర్ చెబుతోంది" అన్నారు. కంప్యూటర్‌తో వాదించేంతటివాణ్ణా నేను?

ఎవరో చెబితే చివరికి ఖటోదరా వెళ్ళాను. మరమగ్గాల షెడ్ల మధ్య ఓ చిన్న రేకుల గ్యారేజీ. మెకానిక్ శివకృష్ణ. సిరిసిల్ల నుంచి మగ్గం పనికొచ్చిన బక్కయ్య కొడుకు, పుట్టింది మాత్రం సూరత్‌లోనే. పదింటికి రమ్మంటే నేను పదీ నలభైకి చేరాను. అతను స్కానర్ తగిలించి, తెరలోకి చూస్తూ గుజరాతీలో అన్నాడు.

"కేమ్ లేట్ ఛే!"

'కేమ్' అంటే ఎందుకని. ముప్ఫై ఏళ్ళుగా సూరత్‌లో ఉన్నాను, ఆ మాత్రం రాదా? ఎందుకు లేటైందని నిలదీస్తున్నాడు! సిగ్గుపడి సంజాయిషీ ఇచ్చుకున్నాను. "ఉధనా దగ్గర ట్రాఫిక్ బాబూ. పైగా పొద్దున్నే లేపేవాళ్ళెవరూ లేరింట్లో."

అతను తలెత్తి ఒక్క క్షణం చూశాడు. పగలబడి నవ్వాడు.

"అయ్యో, మిమ్మల్ని కాదు సార్! ఇంజన్ల కేమ్ ఉంటది, కేమ్‌షాఫ్ట్. వాల్వులు తెరిచేది గదే. గది లేట్ తిరుగుతున్నది. ఆయిల్ జోరుగ నూకితెనే అది టైముకు తిరుగుతది. ఆఖరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చిండ్రు?"

నాలుగు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే.

"ఆయిల్ సంగతి ప్రమీల చూసుకునేది" అన్నాను.

అతను బానెట్ ఎత్తాడు. ఆయిల్ పుల్ల బయటికి లాగి గుడ్డకు తుడిచాడు. తారు! "మూడేండ్లు గిట్లనే నడిచిందా? జర మెచ్చుకోవాలె సార్ దీన్ని" అన్నాడు. తిట్టలేదు. చాయ్ తెప్పించాడు. ఆయిలూ ఫిల్టరూ మార్చి, వాల్వు దగ్గరి చిన్న జాలీ కడిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రింగురోడ్డు మీద ఓ చుట్టు తిప్పాడు. లైటు ఆరింది. పదిరోజులైనా మళ్ళీ వెలగలేదు!

ఆదివారం వీణ వచ్చింది. నేను నడుపుతుంటే పక్కన కూర్చుంది. దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. తిరిగొచ్చాక డ్యాష్‌బోర్డు ఫోటో తీసుకుంది.

"బావుంది నాన్నా. ఇప్పుడైతే మంచి రేటొస్తుంది. ఇన్నాళ్ళూ ఆ లైటు చూసే కదా, కొనడానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు!"

"అదేంటే! లైటు ఆరితే అమ్మనన్నావుగా?"

"అలా ఎప్పుడన్నాను? నీకు డెబ్బై వస్తున్నాయి నాన్నా. సాయంత్రం ఫోనెత్తకపోతే ఏ సర్కిల్ దగ్గర ఏమైందోనని నా ప్రాణం కొట్టుకుంటుంది."

చూశారా? మూడు స్కానర్లు టైమింగ్ దగ్గరే ఆగిపోయాయి. నేను లైటు దగ్గరే ఆగిపోయాను. పిల్ల దిగులు బండి గురించి కాదు, నా గురించి! ఆ పిచ్చి తల్లిని తప్పుపట్టగలనా? లేను. కారు ఇవ్వగలనా? అదీ లేను.

అందుకే సోమవారం షట్టరెత్తే వేళకే ఖటోదరా చేరుకున్నాను. ఈసారి లేటు కాలేదు.

"శివకృష్ణా, మా బండిలోంచి తీసిన ఆ పాత ఆయిలు... పారబోశావా, ఉందా?"