నలభై నాలుగు నిమిషాల వ్రతం

మీ దగ్గర నాకు దాపరికం ఏముంది గాని, మా డిష్‌వాషర్ సరిగ్గా లాక్‌డౌన్ చూసుకుని కన్నుమూసింది. మెకానిక్ రెండు నెలలదాకా ఐర్లండ్‌లో మేముండే ఊరు నేవన్ వైపు రాలేనన్నాడు. నా భార్య ఊర్మిళ ఆసుపత్రిలో డాక్టరు, పైగా కోవిడ్ వార్డు. నాది ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వంట ఆవిడది, అంట్లు నావి అని ఒప్పందం కుదిరింది.

అంట్లకీ నాకూ చిన్నప్పటినుంచీ పడదు. అందుకని అటక మీదినుంచి ఓ పాత రికార్డు దింపాను. ఇక్కడి మెయ్‌నూత్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో అట్ట మీద బొమ్మ చూసి కొన్నది. ఇటలీ ప్రోగ్రెసివ్ రాక్ బృందం ఒకటి మొట్టమొదట చేసిన ఆల్బమ్. పేరు తెలుగులో చెప్పాలంటే అలసిన దీపస్తంభం. రెండు వైపులా కలిపి నలభై నాలుగు నిమిషాలు.

"ఇవి విడివిడి పాటలు కావు ఊర్మిళా, మొత్తం ఒకటే కథ. మధ్యలో లేవకూడదు," అన్నాను భోజనం కాగానే సోఫాలో కళ్ళు మూసుకుని.

"వ్రతకథలాగా అన్నమాట."

"అచ్చంగా అంతే," అన్నాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలియలేదు.

మూడు రోజులు హాయిగా గడిచాయి. అంట్లు ఆవిడే తోమింది. నాలుగో రోజు డ్యూటీనుంచి వస్తూనే అంది:

"ఏమండీ, వ్రతమన్నాక ఓ పద్ధతుండాలి. సోఫా దిగి కింద కూర్చోండి. కథయ్యేదాకా కాఫీ, ఫోన్ ముట్టకూడదు. భోజనం ఆ తర్వాతే. మొదలుపెట్టారు కాబట్టి మండలం రోజులు మానకూడదు."

"నలభై రోజులా? మరి అంట్లు?"

"దీక్షలో ఉన్నవాళ్ళు అంట్లు ముట్టుకుంటారా ఎక్కడైనా? నేను తోముతాలెండి. ఈ ఐరిష్ వాళ్ళన్నట్టు యూ'ల్ బి గ్రాండ్, మీకేం ఫర్వాలేదు."

కథ పూర్తవగానే ఇంకో నియమం పెట్టింది. "విన్నవాళ్ళు చెప్పాలిగా. ఏం జరిగిందో చెప్పండి."

ఇటాలియన్‌లో నాకు తెలిసినవి పిజ్జా పేర్లు మాత్రమే. వర్తకుడొకడు ప్రసాదం పుచ్చుకోకుండా పడవెక్కాడనీ, పడవ మునిగిందనీ చెప్పేశాను.

"ఇటలీలోనూ అంతేనా," అంది నవ్వకుండా.

మర్నాడు కంగారులో అదే వర్తకుడికి పెళ్ళి చేశాను.

"నిన్న మునిగినాయన కదూ?"

"ఈత వచ్చు," అన్నాను.

పన్నెండో రోజుకి నా మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. పదకొండు నిమిషాల ఆర్గాన్ వాయింపుకి నా ఆకలి కడుపే తాళం వేస్తోంది. తలతిప్పి చూస్తే ఊర్మిళ సింకు దగ్గర నిలబడి ఉంది. ముఖం మీద మాస్కు గీతలింకా పోలేదు. శానిటైజర్‌కి పగిలిన చేతులు సబ్బునీళ్ళల్లో ఉన్నాయి. నాకు నిజంగానే సిగ్గేసింది.

"ఊర్మీ, నాకు ఇటాలియన్ రాదు. ఈ పాటలు కూడా నచ్చలేదు. ఈ దీక్ష విడిపించు తల్లీ."

"ఉద్యాపన చెయ్యాలి మరి," అంటూ పీచు నా చేతిలో పెట్టింది.

గిన్నెలు తోముతుంటే ప్రాణం లేచొచ్చింది. వెనక మళ్ళీ రికార్డు మొదలైంది. ఊర్మిళ సోఫాలో కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది.

"ఏమండీ, కథ మధ్యలో నేను లేవకూడదుగా. కాఫీ ఇటు తెచ్చెయ్యండి."

"కథయ్యేదాకా కాఫీ ముట్టకూడదన్నావు?"

"అది కథ అర్థంకాని వాళ్ళకి."

కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆవిడ గాఢనిద్రలో ఉంది. చప్పుడు కాకుండా సూది ఎత్తేసి, కాఫీ నేనే తాగి, ఆ కప్పు కూడా కడిగేశాను.