ట్రైనింగ్ అయిన మొగుడు

పెళ్ళి కావలసిన అమ్మాయిలూ, మ్యారేజ్ బ్యూరోలకు ఫొటోలు పంపడం ఇక మానండి. నేరుగా డీ-అడిక్షన్ సెంటర్‌కు వెళ్ళి వరుణ్ణి ఎంచుకోండి! నేను చేసుకున్నది అలాంటివాణ్ణే. నా అంత అదృష్టవంతురాలు కర్నూలు మొత్తంలో లేదు.

మీ ఆయన లేవగానే దుప్పటి మడతపెడతాడా? మా యేసుప్రసాద్ నా దుప్పటి కూడా మడతపెడతాడు, ఒక్కోసారి నేనింకా అందులో ఉండగానే! తిన్న కంచం తనే కడుగుతాడు. ఉప్పు మరిచిపోయిన పప్పును కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తినేస్తాడు. స్నానానికి వెళ్ళాలన్నా, "నీళ్ళు పోసుకోనీకి పోవచ్చునా?" అని నన్ను అడుగుతాడు. డిగ్రీ పాసైనా నాకింత పవర్ ఎవరిచ్చారండీ?

పెళ్ళిచూపులప్పుడు మా అత్త విశ్వాసమ్మ, "మావాడు డోన్‌లో ట్రైనింగ్‌లో ఉండాడమ్మా, శానా పద్ధతి నేర్చినాడు" అంది. నేను బ్యాంకు ట్రైనింగనుకుని మురిసిపోయాను.

పెళ్ళైన మర్నాడు మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేసింది. మా ఆయన దిగ్గున లేచి, కంచం పట్టుకుని, గోడవారగా నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, "మిగతావాళ్ళు యాడ?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "డోన్‌లో నేనుండింది తాగుడు మాన్పించే సెంటరు, జీవితా. ఈలేస్తే అందరమూ కంచాలు పట్టుకుని వరసలో నిలబడాల. తలనొప్పంటే నాటకాలనేటోళ్ళు. నిద్ర పట్టలేదంటే ఇంకో తాళం ఏసేటోళ్ళు" అన్నాడు.

ఎంత శ్రద్ధ! నిద్రపట్టని కస్టమర్ కోసం అదనంగా తాళం వేసే స్టార్ హోటల్ ఒక్కటైనా ఉందా?

కోపం వచ్చిందా అంటారా? అబ్బే! కృతజ్ఞతలు చెబుదామని బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని డోన్ వెళ్ళాను. వార్డెన్ బొజ్జన్న గర్వంగా తాళాల గుత్తి ఊపాడు.

"లోపలున్నన్నాళ్ళూ ఒక్క చుక్క తాగనిచ్చింటే అడగమ్మా!"

"ఎందుకు తాగుతాడో అడిగినారా అన్నా?"

"అడిగితే చెప్పుకుంటా కూర్చుంటారు. మాకు పనెట్లా జరుగుతాది?"

"మరి గేటు దాటినాక తాగాలనిపిస్తే ఏం చేయాల?"

"గేటు అవతల సంగతి మాకేం తెలుసమ్మా?" అని బిస్కెట్ ప్యాకెట్ చింపాడు.

నిజమే కదా! దుప్పటీ కంచమూ నేర్పినవాళ్ళను అన్నీ వాళ్ళే నేర్పాలంటే ఎలా? కొత్త పెళ్ళానికి కూడా కాస్త పని మిగల్చాలి!

అందుకే ఆయన పనిచేసే సిమెంటు షాపుకు రోజూ నేనే స్కూటీ మీద దింపుతున్నాను. మలుపులో వైన్ షాపు ఉంది. అది కనపడగానే మా ఆయన రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, గట్టిగా వాటేసుకుంటాడు. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా! ఎదురుగా పూలమ్మే ఈరక్క, "ఏమ్మా కొత్త పెళ్ళికూతురా, మీ ఆయన నిన్ను ఇడిసిపెట్టేట్టే లేడే!" అని రోజూ ఆటపట్టిస్తుంది. నేనూ రోజూ సిగ్గుపడతాను.

నా వీపులో మొహం దాచుకుని ఆయన అనే మాట ఈరక్కకు వినపడదు.

"ఆపాకు జీవితా. సిగ్నల్ పడినా ఆపాకు."