బూజు పల్లీలు, బుద్ధిమంతుడైన లివర్

ముందే ఒప్పేసుకుంటా. చెడిపోయిన పల్లీల్ని ఏరి పక్కకి తోసేయించడం నా ఉద్యోగం. ఆదివారం మా పెద్దమ్మ ఇంట్లో, అలా తోసేసిన పల్లీలతోనే వండిన కూరని రెండుసార్లు వడ్డించుకుని తినడం నా అలవాటు.

ఉద్యోగం సంగతి కొంచెం చెప్తా. మా మలావీ రాజధాని లిలోంగ్వేలో ఒక పల్లీల ఫ్యాక్టరీ. అందులో ఒక మెషిన్. పై నుంచి పల్లీలు జలజలా పడుతుంటే కెమెరా ఒక్కోదాని మొహం చూస్తుంది. పెళ్ళిచూపులకొచ్చిన మేనత్త కూడా అంత శ్రద్ధగా చూడదు. రంగు మారినా, ముడత పడినా, బూజు మచ్చ ఉన్నా, ఫుస్సుమని గాలి ఊది పక్క గొట్టంలోకి తోసేస్తుంది. ఏ మొహం మంచిదో, ఏది కాదో కెమెరాకి నేర్పే ప్రోగ్రామ్ రాసేది నేనే.

మంచివి తెల్ల సంచుల్లో లారీ ఎక్కి, ఓడ ఎక్కి, సముద్రాలు దాటి పోతాయి. తోసేసినవి ఎర్ర సంచుల్లో గేటు దాకా పోతాయి. గేటు బయట చవగ్గా కొనుక్కోడానికి ఆడవాళ్ళు బారులు తీరి ఉంటారు. ఆ బారులో మొదటి మనిషి మా ఎనెలేసి పెద్దమ్మ.

మీరిప్పుడు జాలిపడబోతున్నారు. పడొద్దు. బూజు పల్లీ మాకు వరం. మా లివర్లకి దొరికిన ఉపాధి పథకం!

ఎలా అంటారా? ఆ బూజు ఒక విషాన్ని తయారుచేస్తుంది. కానీ పల్లీలో ఉన్నప్పుడు అది పెద్ద ప్రమాదకారేం కాదు. బద్ధకపు మనిషి. కొవ్వులో దూరి ఓ మూల ముడుచుకుని కూర్చుంటుంది. దాన్ని అలా వదిలేస్తే ఎంత బాగుండు? కానీ మన లివర్‌లో ఎంజైమ్ అనే గుమాస్తా ఉంటాడు. పరమ బుద్ధిమంతుడు. బల్ల మీదకొచ్చిన ఏ ఫైలునీ ఊరికే వదలడు.

"ఇది నీళ్ళలో కరగదే, బయటికి పంపేదెలా?" అని ఆలోచిస్తాడు. లాగడానికి వీలుగా ఉంటుందని దానికో పిడి బిగిస్తాడు. ఆక్సిజన్ పిడి. తీరా బిగించాక తెలుస్తుంది, పిడి పెట్టింది కత్తికని. అప్పటిదాకా మూల కూర్చున్న బద్ధకస్తురాలు లేచి, కణంలో ఉన్న జన్యువుల దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్న చోట దారం తప్పుగా అల్లుకుంటే, ఏళ్ళ తర్వాత అదే క్యాన్సర్.

నిజం చెప్పాలంటే రెండో గుమాస్తా కూడా ఉంటాడు. మొదటివాడు పిడి పెట్టగానే ఇతను కత్తికి ఒర తొడిగి బయటికి పంపేయాలి. చాలాసార్లు పంపుతాడు కూడా. కానీ రోజూ సంచులకి సంచులు వచ్చి పడుతుంటే ఎన్ని ఒరలని కుడతాడు పాపం?

ఇంత పని ఏ దేశపు లివర్‌కి దొరుకుతుంది? మా వాటికి సెలవే ఉండదు. శుక్రవారం సాయంత్రం రోడ్డు పక్కన మేక మాంసం కాల్చుకు తింటాం. నల్లగా మాడిన అంచుల కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. ఆ మాడుకీ ఇదే గుమాస్తా, ఇదే పిడి. సరస్సు నుంచి వచ్చే చేపని పొగలో ఎంతసేపు ఉంచుతామంటే, చేపకి చలి వేసిందేమోనని అనుమానం వస్తుంది. ఆ పొగకీ పిడే. మా మామయ్య తాగే నాటుసారాని ఇంకో గుమాస్తా విరగ్గొట్టి, అంతకన్నా చెడ్డ సరుకుగా మారుస్తాడు. ఇంటికి మంచి చేయబోయి కొరివితో తల గోక్కునే ఇలాంటి వాళ్ళు మన ఆఫీసుల్లోనే ఉంటారనుకున్నా. ఒంట్లోనూ ఉన్నారు.

ఇక తెల్ల సంచులు తినే దేశాల వాళ్ళ లివర్లని తలుచుకుంటే జాలేస్తుంది. పొద్దున్నే వస్తాయి, సంతకం పెడతాయి, పనేమీ లేక గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటాయి. అలాంటి బతుకు కూడా ఒక బతుకేనా?

అసలు బూజెలా వస్తుందో కూడా వినండి, అది కూడా మా మంచితనమే. పల్లీకాయ ఎండితే తొక్క రాయిలా ఉంటుంది. రోజంతా వలిస్తే బొటనవేలు వాచి బూరె అవుతుంది. అందుకని మా ఊళ్ళల్లో ఆడవాళ్ళు కాయల మీద నీళ్ళు చల్లుతారు. తొక్క మెత్తబడుతుంది, వేలు బతుకుతుంది. ఆ తడితోనే సంచిలో మూట కడితే బూజు బతుకుతుంది. ఒక్క చెంబు నీళ్ళతో రెండు ప్రాణాలు కాపాడే జాతి మాది. వేళ్ళు వాయకుండా వలిచే మెషిన్ ఒకటి ఊరికివ్వొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడిగినవాళ్ళు ఇంతవరకూ నాకు తగల్లేదు.

అంతా సాఫీగా నడుస్తుండగా, పోయిన నెల తదాలాకి ఆరు నెలలు నిండాయి.

తదాలా అంటే పెద్దమ్మ మనవరాలు, మా చెల్లెలు తకొండ్వా కూతురు. పళ్ళు లేవు, కూర్చోడం ఈమధ్యే నేర్చుకుంటోంది. ఆ పై ఆదివారం చర్చి అయ్యాక దానికి మొదటిసారి జావ పెట్టాలని ముహూర్తం. మొక్కజొన్న పిండిలో పల్లీపొడి కలిపి కాచే జావ. పొడి ఏ సంచిలోదో మీకు చెప్పక్కర్లేదు.

పెద్దమ్మ ఇంట్లో ఆ మాట విని, నేను కూర్చున్న చోట కొంచెం కదిలా. పెద్దవాళ్ళ లివర్లు ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ తదాలా లివర్ నా గుప్పెడంత కూడా ఉండదు. దానికి అప్పుడే ఉద్యోగమా?

"పెద్దమ్మా, పిల్లకి ఈ పొడి వద్దు" అన్నా.

పెద్దమ్మ చేట పట్టుకుని చెరుగుతోంది. "ఏం, పొడికేం తెగులు?"

"బూజు పల్లీలు కదా."

"ఎండబెట్టా. చెరిగా. వేయించా. ఇంకా బూజెక్కడుందో చూపించు." చేట నా ముక్కు కిందికి తోసింది.

"కంటికి కనపడదు పెద్దమ్మా. వేయించినా పూర్తిగా పోదు. లోపలికెళ్ళాక లివరే దాన్ని అసలు విషంగా మారుస్తుంది."

"ఎవరి లివర్?"

"మనదే."

"మన లివర్ మనకెందుకు విషం పెడుతుందే? పెట్టాలంటే మీ మామయ్య లివర్ పెట్టాలి. ఆయన దాన్ని ముప్పై ఏళ్ళుగా సారాలో ఊరబెడుతున్నాడు." మళ్ళీ చెరగడం మొదలెట్టింది. "ఇంత చదివించింది ఇందుకా? కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నీకు పల్లీలంటే భయం పట్టుకుంది."

తకొండ్వా మాత్రం నవ్వలేదు. పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని అడిగింది: "అక్కా, ఇవి వద్దు సరే. మరి ఏవి పెట్టను? నువ్వు చెప్పు, అవే పెడతా."

"సంతలో కొను."

"సంతలోవి ఎక్కడివి? మీ గేటు దగ్గర కొన్నవేగా."

ప్రోగ్రాముల్లో ఇలాంటప్పుడు తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. నా మొహం అలాగే పెట్టుకుని ఇంటికొచ్చేశా.

సోమవారం ఆఫీసులో ప్రోగ్రామ్ తెరిచా. సరుకు ఎక్కడికి వెళ్తుందో ఎంచుకునే జాబితా ఒకటుంది అందులో. ఒక్కో దేశం పక్కన ఒక అంకె, ఎంత విషం దాకా ఫరవాలేదో చెప్పేది. పిల్లల తిండికైతే ఇంకో అంకె, మరీ పిసరంతది. జాబితాలో పదకొండు దేశాలున్నాయి. మలావీ లేదు.

ఎవరు రాశారీ జాబితా? నేనే. మూడేళ్ళ క్రితం, టీ తాగుతూ. మా దేశం పేరు వదిలేయమని ఎవరూ అనలేదు. పెట్టమని కూడా ఎవరూ అనలేదు. నాకూ తట్టలేదు, అంతే.

పన్నెండో వరసలో మలావీ అని కొట్టా. అంకె ఎంత అని ప్రోగ్రామ్ అడిగింది. పైన విదేశీ పసిపిల్లలకి పెట్టిన అంకెనే దించా. సరుకు: ఒక సంచి. నా పేరు మీద రాయండి అని ఒక ముక్క జోడించా.

పావుగంటలో చిమోంబో గారు నా బల్ల దగ్గరున్నారు. మా పై అధికారి. ఆయన్ని మేం బ్వానా అంటాం, అంటే అయ్యగారని.

"ఏంటిది, కొత్త దేశం?"

"పాతదే బ్వానా."

"కొనేదెవరు?"

"డబ్బు నాది. తినేది తదాలా. ఆరు నెలలు."

"సంతకం ఎవరు పెడతారు?"

"బొటనవేలు ప్రస్తుతం నోట్లో ఉంది. బయటికి తీసినప్పుడు ముద్ర వేయిస్తా."

ఆయన నవ్వలేదు. నిబంధనల పుస్తకం తెప్పించారు. ఎగుమతి సరుకు ఇక్కడ అమ్మొచ్చని ఎక్కడా లేదు. అమ్మకూడదని కూడా ఎక్కడా లేదు. చివరి పేజీ దాకా తిప్పి, అట్ట వెనక కూడా చూసి, పుస్తకం మూసేశారు.

"ఎవరూ అడగలేదన్నమాట" అన్నారు.

తర్వాత తలుపు దగ్గరికేసి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ ఒకటిని రెండు చెయ్యి. మా చిన్నాడికి మూడేళ్ళు" అన్నారు.

"మీరూ ఎర్ర సంచేనా బ్వానా?"

"మా ఆవిడ చెల్లెలు తెస్తుంది. నాకు తెలుసని మా ఆవిడకి తెలీదు."

ఆదివారం తదాలా జావ తాగింది. తాగడం కాదు, గిన్నె మీద పడింది. చెంపలకి, చెవులకి, వాళ్ళమ్మ కొత్త గౌనుకి సమానంగా పంచింది. పెద్దమ్మ అడుగున మిగిలింది వేలితో తీసుకుని నాకి చూసి, చాలాసేపు చప్పరించింది.

"ఏదో తక్కువైందే" అంది. "మన పల్లీల్లో చివర్న ఒక చిరుచేదు ఉంటుంది చూడు. అది లేదు. ఇంత చప్పటివి కొనుక్కోడానికి అంత దూరం నుంచి మనుషులొస్తారా?"

అరవై రెండేళ్ళ మనిషి. పుట్టింది, పెరిగింది, పెళ్ళయి వచ్చింది అంతా పల్లీ చేలల్లోనే. ఆవిడ మంచి పల్లీ తినడం అదే మొదటిసారి.

నా వాదన కొంచెం దెబ్బతింది, ఒప్పుకుంటా. బూజు అంత వరమే అయితే, దాన్ని ఓడెక్కించకుండా మొత్తం మాకే వదిలేసే ఉదారత ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తున్నా. పన్నెండో వరసలో ఇప్పుడు రెండు సంచులున్నాయి. గేటు బయట నలభై మంది ఆడవాళ్ళున్నారు, అందులో సగం మంది వీపున పిల్లలున్నారు. ఇంకా ఎన్ని సంచులు రాయాలో లెక్క కట్టి ఈ వారం బ్వానా బల్ల మీద పెడుతున్నా. ఆయన దగ్గర నిబంధన లేదు, నా దగ్గర ఆయన మరదలి సంగతి ఉంది.

ఇక మీరు చెప్పండి. మీ ఊళ్ళో పండేదాంట్లో మంచిది ఎటు పోతుంది? మీ కంచంలోకి వచ్చేది ఏది? మీరు రుచి అనుకుంటూ తింటున్నది నిజంగా రుచేనా? ఎవరినైనా అడిగి చూశారా? ఏం జవాబొచ్చింది? రెండు వాక్యాలైనా సరే, తప్పులున్నా సరే, రాసి పంపండి. నేను ఏరను. అన్నీ చదువుతా.