అరవని తలుపు

ఈ కాలపు వడ్రంగులకు తలుపు చేయడం రాదు. పెద్ద వడ్రంగి ఈ మాట రోజూ అనేవాడు, భార్య రోజూ వినేది. ఆమె పోయాక వినే దిక్కు లేదు. ఆ పోరు పడలేక కూతురు ఆయన్ని కొండమీది పాత ఊరు చూడ్డానికి తీసుకొచ్చి, ఒక అవ్వ ఇంట్లో దిగింది. పొద్దున్నే రాతి వీధులు చూసి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోవాలని ఏర్పాటు.

ఆయన తెల్లారకముందే లేచి వీధి తలుపు తడిమి చూశాడు. ఒక్క మేకు లేదు. రెండు వందల ఏళ్ళ వానకు వెంట్రుకవాసి కూడా వంగలేదు. చేసినవాడికి దండం పెట్టాలనిపించింది. బతికున్నవాళ్ళకు మాత్రం ఆయన ఎన్నడూ పెట్టలేదు. లోపమల్లా ఒకటే, తెరిస్తే ఈనే గేదెలా అరుస్తుంది. తలుపు తిరిగే రాతి గుంటలో ఇంత నూనె పోశాడు. తలుపు మౌనవ్రతం పట్టింది.

అవ్వ లేచి తలుపు వంక, ఆయన వంక చూసి, కొడవలి తీసుకుని గడ్డికి వెళ్ళింది. కాసేపటికి కూతురూ వీధులు చూడబోయింది.

ఎండ గడప ఎక్కేసరికి పక్కింటి కోడలు పరుగెత్తుకొచ్చింది. "అవ్వ తలుపు అరవలేదేంటి? ఆ అరుపు వినే మేం పొయ్యి ముట్టిస్తాం!" తోస్తే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల ఖాళీ మంచం, నూనెగిన్నెతో ఎవరో ముసలాయన.

"ఆవిడ గడ్డికెళ్ళింది," అన్నాడు వడ్రంగి.

"తలుపు అరవకుండా ఎలా వెళ్తుంది?" అని ఆమె కెవ్వుమంది. ఆ కేకకు గొర్రెలకాపరులు కొండ దిగారు. మేస్టారు బడి వదిలేశాడు. కూతురు రొప్పుతూ వచ్చింది. "మా నాన్న ఎవర్నీ ఏమీ చెయ్యడండీ, తిడతాడంతే!"

శోకాలు ఊపందుకున్నాక అవ్వ గడ్డిమోపుతో వచ్చింది. "ఎవరే పోయింది?"

"నువ్వే అవ్వా!"

"మరి నాకు చెప్పరేం?"

ఊరంతా వడ్రంగి మీద పడింది. "ఎంత పని చేశావు పెద్దాయనా! అది అరవకపోతే అవ్వ బాగుందో లేదో మాకెలా తెలుస్తుంది?"

ఆయన జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పలేదు. నలుగురు తలుపు ఎత్తిపట్టుకుంటే, బస్సు వేళ దగ్గరపడేదాకా గుంటను బూడిదతో, వేణ్ణీళ్ళతో తోమాడు. తలుపు మళ్ళీ గేదెలా అరిచింది. ఊరు చప్పట్లు కొట్టింది.

అవ్వ కొట్టలేదు. ఆయన్ని పక్కకు పిలిచింది. "యాభై ఏళ్ళుగా గడప దాటితే చాలు, ఎక్కడికవ్వా అని ఊరంతా అడుగుతుంది నాయనా. ఇవాళ ఒక్కళ్ళూ అడగలేదు. కొండ ఎంత బాగుందో!" అని ఆగి, గొంతు తగ్గించింది. "దొడ్డి తలుపు కూడా అరుస్తుంది. అరిస్తే ఎక్కడికని అడుగుతారు గానీ, అది అరవకపోతే ఎవరూ కంగారుపడరులే."

ఆయన నూనెగిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాడు.

"దొడ్లో అంతసేపు ఏం చేశావు నాన్నా?" అంది కూతురు బస్సులో.

"ఆ ఊసు నా దగ్గర ఎత్తకు," అన్నాడు. ఆయన కూడా చచ్చేదాకా ఎత్తలేదు.